గోడప్రాఁకు చిన్నపాము

మా లేపాక్షిలో ఏడుపడగల రాతినాగునకు మ్రొక్కు మేమే, మిద్దెగోడపై మూరెఁడు పాము కనఁబడఁగానే “కట్లపా”మని కఱ్ఱ నెత్తుదుము. సోదరీమణులారా! అది తఱచుగా విషములేని తోడేలుపాము. ముందుపండ్లు తోడేటికోఱలవలె నుండుటచే దాని కా పేరు. 1758లో లిన్నేయసు పండితుఁడు దానికి శాస్త్రనామ మొసఁగెను.

భేదము వినుఁడు. తోడేలుపాము సాధారణముగా రెండడుగులు మించదు. గోధుమవన్నె మేనిపై లేఁతపసుపు పట్టెలు మెడయొద్ద స్పష్టముగా నుండి తోఁకవైపునకు మాసిపోవును. కట్లపాము నిగనిగలాడు నల్లనిది. సన్నని తెల్లకట్లు తఱచుగా జంటలై తోఁకవైపున స్పష్టమగును. నడివెన్నుపొలుసులు పెద్దవి, ఆఱుకోణములు గలవి. తోడేలుపాము పగలు గోడసందుల దాఁగి, రాత్రి బల్లులకై గోడలు ప్రాఁకును.

అయినను దీపపువెలుఁగున నీ గుర్తులు పొరపడవచ్చును. కావున నే పామును చేతఁ బట్టరాదు. పిల్లలను దూరముంచి దానిని పోనీయవలెను. కట్లపాము కాటునకు నొప్పియు వాపును కానరాకపోవచ్చును. ప్రాణము మాత్రము పోవచ్చును. కాటు పడినచో, ఏ పామైనను సరే, మంత్రములకై కాలము గడపక, వెంటనే విషవిరుగుడు మందున్న యాసుపత్రికిఁ గొనిపోవలెను.