యంత్రానికీ సంధి ప్రకరణం ఉంది

తెలుగు పండితుడికి క్యాడ్‌తో ఏం పని అనకండి. సంధి మా సొత్తు! మా నిమ్మాడ ప్రాంతం పిల్లలు టెక్కలిలో ఇంజనీరింగు చదువుతున్నారు కనుక, ఈ నాలుగు మాటలు వారి కోసమే.

రెండు పదాలను పక్కపక్కన ఉంచినంత మాత్రాన సంధి కాదు. యంత్రభాగాలూ అంతే. ఫ్యూజన్ వంటి సాఫ్ట్‌వేరులో ‘అలైన్’ భాగాన్ని ఒకసారి జరిపి ఊరుకుంటుంది. సంబంధం నిలబెట్టేది ‘జాయింట్’. విడిగా ఉన్న భాగానికి 6 రకాల కదలిక స్వేచ్ఛ: మూడు జరగడానికి, మూడు తిరగడానికి. ‘రిజిడ్’ జాయింటు అన్నీ హరిస్తుంది. ‘రివల్యూట్’ ఒక్క భ్రమణాన్ని మిగులుస్తుంది. వ్యాకరణంలోనూ ఉత్వసంధి నిత్యం; ‘ఏమంటివి’, ‘ఏమియంటివి’ రెండూ చెల్లే ఇత్వసంధిలో స్వేచ్ఛ ఉంది.

పలాసలో జీడిపిక్క కోసే కాలితొక్కుడు పరికరాన్ని తలచుకోండి. రెండు కత్తులూ ఎదురెదురుగా చూడాలి. ఒకటి కదలకూడదు, రెండవది తన దారినే కదలాలి. కత్తి చోటు సరిగా ఉండి ముఖం తిరగబడితే తెరమీద బొమ్మ ముచ్చటగానే ఉంటుంది. దుకాణంలో మాత్రం పప్పు విరుగుతుంది. గుండుకు వచ్చే ధర బద్దకు రాదు. ఆ నష్టం పిక్క కోసే ఆడవాళ్ళ కష్టానికే తగులుతుంది.

కనుక మీట నొక్కడం నేర్పేముందు మూడు ప్రశ్నలు తెలుగులో నేర్పాలని నా అభిప్రాయం: ఎక్కడ కలుస్తుంది? ఎటు చూస్తుంది? ఎంత కదులుతుంది? వీటికి జవాబు చెప్పగలిగినవాడికే జాయింటు వచ్చినట్టు.