పులిరాజా భార్య సంగతి

పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? 2000ల మొదట్లో రాష్ట్రమంతటా హోర్డింగులకెక్కిన ఆ ప్రశ్నను విజయవాడ వన్ టౌన్‌లో మనం ఎంత సంబరంగా వాడుకున్నామో గుర్తుంది కదా. కాళేశ్వరరావు మార్కెట్లో బస్తాలు దించేవాళ్ల దగ్గర్నుంచి వస్త్రలత బట్టల కొట్ల గుమాస్తాల దాకా, తోటివాణ్ణి ఏడిపించాలంటే పులిరాజా అనేవాళ్లం. జనం ఎయిడ్స్ గురించి మాట్లాడుకోవాలన్నదే ఆ అవగాహన ప్రచారం ఉద్దేశం కనుక అది నెగ్గిందనే చెప్పాలి. అయితే పులిరాజాకు పెళ్లయిందా, ఇంట్లో ఆమెకు ఈ సంగతి ఎవరు చెబుతారు అని మనలో ఒక్కరమూ అడగలేదు.

అడక్కుండా ఉండడానికి మనకో సాకు దొరికింది. అది లారీ డ్రైవర్ల జబ్బు అనుకున్నాం. ఆటోనగర్ ఉంది, జాతీయ రహదారులున్నాయి, దాబాలున్నాయి. జబ్బేదో అక్కడే ఉంటుంది, గొల్లపాలెం గట్టు ఎక్కి మన ఇళ్లకు రాదు. సూరత్‌కో బొంబాయికో సరుకు కొనడానికి వెళ్లొచ్చే మన వీధి మగవాళ్లను ఆ లెక్కలో వేసుకోలేదు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్లవాళ్లలో వందకు దాదాపు ఒకరికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. దేశ సగటుకు అది మూడు రెట్లు దాటిన సంఖ్య. అంతమందీ లారీలు తోలేవాళ్లే అయ్యుంటారా అన్న ఆలోచన కూడా మనకు రాలేదు.

భర్తకు ఉన్నదని భార్యకు తెలిసిన తీరు మరీ ఘోరం. చాలామందికి భర్త చెప్పలేదు, అత్తమామలు చెప్పలేదు. కడుపుతో ఉన్నప్పుడు ప్రభుత్వాసుపత్రిలో చేసిన రక్తపరీక్షతోనే తెలిసింది. తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపడానికి ఆ పరీక్ష అవసరమే. కాకపోతే దానివల్ల ఇంట్లో అందరికన్నా ముందు పరీక్ష జరిగేది కోడలికే. ముందు బయటపడింది ఆమెకు కాబట్టి ముందు వచ్చింది కూడా ఆమెకేనని తీర్పు చెప్పేశాం. భర్త పోతే, ఆమే తెచ్చిపెట్టిందని పుట్టింటికి తరిమి, ఇంట్లో వాటా కూడా ఎగ్గొట్టిన పెద్దమనుషుల పంచాయితీలకు మనం కుర్చీలు వేశాం. ఎవరూ అడ్డం చెప్పకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు. ఇరుకు సందుల్లో గోడకు గోడ ఆనుకుని బతికేవాళ్లం, పక్కింట్లో ఏ కూర వండారో చెప్పగలం. అబ్బాయి ఎందుకు చిక్కిపోయాడో, నెలనెలా గుంటూరు ఎందుకు వెళ్తున్నాడో మనకు తెలుసు. తెలియనిది ఆమె ఒక్కతికే.

సంబంధం మాట్లాడేటప్పుడు నక్షత్రాలు చూశాం, బంగారం తూకం అడిగాం. అబ్బాయి ఆరోగ్యం మాట ఎత్తితే అవమానమన్నాం. అనుమానం ఉన్నవాళ్లు కూడా, పెళ్లయితే సర్దుకుంటాడులే అనేశారు. పెళ్లికి ముందు పరీక్ష చేయించి కాగితం తెస్తే సరిపోతుందని వాదించేవాళ్లున్నారు. ఆ కాగితం ఆ రోజు సంగతే చెబుతుంది, అదీ వైరస్ కొత్తగా సోకి ఉంటే పరీక్షకు దొరక్కపోవచ్చు. పెళ్లయ్యాక ఇరవై ఏళ్ల కాపురంలో ఒకరితో ఒకరు మాట్లాడుకోగలగడం నేర్పని మనం కాగితం మీద భారం వేయడం ఇంకో ఎగవేత.

ఈ ఊరికి చెప్పేవాళ్లు కరువై ఇదంతా జరగలేదు. డాక్టర్ సమరం ఇక్కడివారే. ఈ ఊరినుంచే వచ్చే స్వాతి వారపత్రికలో శృంగార సందేహాలకు ఆయన రాసే జవాబుల్ని పరుపుల కింద దాచుకుని మరీ చదివాం. చదివినదాంట్లో ఒక్క ముక్క పెళ్లాంతో మాట్లాడలేదు, పెళ్లీడు కూతురికి చెప్పలేదు. చెన్నుపాటి విద్య నడిపిన వాసవ్య మహిళా మండలి కార్యకర్తలు హెచ్ఐవీ ఉన్న కుటుంబాల కోసం పనిచేస్తుంటే, పాపం మంచి పని చేస్తున్నారన్నాం. మన గుమ్మంలోకి వస్తే మాత్రం ఎవరైనా చూస్తారేమోనని తలుపు దగ్గరగా వేశాం.

చివరికి, భార్యకు ఎవరు చెప్పాలన్నది కూడా చట్టంలో రాయాల్సి వచ్చింది. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, కౌన్సెలింగ్ ఇచ్చినా భర్త చెప్పేలా లేడని, ఆమెకు ముప్పుందని డాక్టరుకో కౌన్సెలరుకో నమ్మకం కలిగితే, అతనికి ముందుగా తెలిపి, ఆమెకు నేరుగా చెప్పవచ్చు. పాజిటివ్ వచ్చింది భార్యకైతే, భర్తకు చెప్పడంవల్ల ఆమెను కొట్టే, వదిలేసే ప్రమాదం ఉంటే అలా చెప్పకూడదు. ఇంట్లోంచి గెంటివేతకు గురికాకుండా ఉండే హక్కునూ ఆ చట్టమే ఇచ్చింది. మన గురించి ఆ చట్టం రాసినవాళ్లకు బాగానే తెలుసు. భార్యకు పాజిటివ్ వస్తే ఆమెను వదిలేయమని భర్తకు చెబుతాం, భర్తకు వస్తే అతనికి సేవ చేసుకోమని భార్యకు చెబుతాం.

ఈలోగా వైద్యం చాలా దూరం వచ్చింది. 2004 నుంచి హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఒకరికి హెచ్ఐవీ ఉండి మరొకరికి లేని జంటలతో తొమ్మిది దేశాల్లో జరిగిన అధ్యయనంలో చెన్నై, పుణె జంటలూ ఉన్నాయి. వెంటనే మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో అది తేల్చింది. క్రమం తప్పక మందులు వాడి, పరీక్షలో కనపడనంతగా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, తగ్గి, అలాగే నిలబడినవాళ్ల నుంచి లైంగికంగా సోకదని ఆ తర్వాతి అధ్యయనాలు రుజువు చేశాయి. అలాంటి జంటలు పిల్లల్ని కనవచ్చు. ఇది మన వీధిలో ఎందరికి తెలుసు? మనకింకా తెలిసిందల్లా కంచం, గ్లాసు వేరు పెట్టడమే. వాటివల్ల సోకదని ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు. ఊళ్లో మందులిచ్చే చోటు పెట్టుకుని గుంటూరుకో ఏలూరుకో వెళ్లి తెచ్చుకునేది మన చూపులకు భయపడేనని ఒప్పుకోవడానికి మాత్రం సిగ్గు.

భర్తకు పాజిటివ్ అని ఇవాళే తెలిసిన ఆమె మన వీధిలోనే ఉండొచ్చు. ఎలా వచ్చిందని ఆరా తీయొద్దు. ఆమెకు సోకి ఉండకపోవచ్చని, పరీక్ష చేయించుకోమని, నెగెటివ్ వస్తే మూడు నెలలకు మళ్లీ చేయించుకోమని చెప్పండి. భర్త వైరల్ లోడ్ పరీక్షలో కనపడనంతగా తగ్గి నిలబడిందని డాక్టరు చెప్పేదాకా కండోమ్ వాడమనండి. తోడు కావాలంటే ఆసుపత్రికి వెంట వెళ్లండి. మీకే సందేహముంటే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.