మంచిది అమ్ముకుని ఏం కొనుక్కుంటున్నాం?

సభ్యత్వం రాయడానికి ఏ ఊరు వెళ్లినా గిట్టుబాటు ధర, కరెంటు, పంటల బీమా గురించి మాట్లాడుకున్నాక మాట ఎక్కడికి పోతోందో మన కార్యకర్తలందరికీ తెలుసు. షుగర్ దగ్గరికి, బీపీ దగ్గరికి, మోకాళ్ల నొప్పుల దగ్గరికి పోతోంది. నలభై ఏళ్లు నిండని రైతు జేబులోంచి కూడా పాసుపుస్తకం జెరాక్సుతో పాటు మాత్రల చీటీ బయటికొస్తోంది. ఒళ్లొంచి పని చేసేవాడికి ఈ జబ్బులు రావని, ఇవి కుర్చీలో కూర్చునే పట్నం వాళ్లకొచ్చేవని మన పెద్దలు అనుకునేవాళ్లు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. 2023లో బయటికొచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని లెక్క తేల్చింది. షుగర్, బీపీ ఇంకా పట్నాల్లోనే ఎక్కువ. అంచున ఉన్నవాళ్ల విషయంలో మాత్రం పల్లెకూ పట్నానికీ అలాంటి తేడా కనబడలేదని అదే అధ్యయనం చెప్పింది. అంటే రేపటి వరుసలో మనం ముందే నిలబడి ఉన్నాం.

దీని గురించి రైతు సంఘం పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడుగుతున్నారు. ఏం తినాలో, ఎంత నడవాలో డాక్టర్లు చెబుతారు, మనం మద్దతు ధర సంగతి చూద్దాం అంటున్నారు. ఈ రెండూ వేరువేరు సంగతులు కావన్నదే మా వాదన. మన పొలంలో ఏం పండుతోంది, దాన్ని ఎవరు కొంటున్నారు, ఆ డబ్బుతో మనం ఏం కొనుక్కుంటున్నాం అన్నదే మన ఆరోగ్యాన్ని తేలుస్తోంది. అలవాట్లు మార్చుకోండి అని గోడల మీద రాసేవాళ్లు ఆ అలవాట్లు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పరు. అది మనమే చెప్పుకోవాలి.

మన అనంతపురం ప్రాంతాన్నే తీసుకుందాం. ఒకప్పుడు దేశంలో కెల్లా ఎక్కువ విస్తీర్ణంలో వేరుశనగ వేసిన జిల్లా ఇది. ఈ జిల్లా వంటింట్లో ఇవాళ ఏ నూనె ఉంది? పామాయిల్ ప్యాకెట్. బుడ్డలు బస్తాలకెత్తి మార్కెట్ యార్డుకు తోలి, తిరిగొచ్చేటప్పుడు ఇండోనేషియా, మలేషియా నుంచి ఓడలెక్కి వచ్చిన నూనె కొనుక్కుని వస్తున్నాం. ఊళ్లో గానుగ ఆడిన రోజుల్లో నూనె మనకు, చెక్క మన ఎద్దుకు. గానుగ పోయింది, ఎద్దూ పోయింది. పామాయిల్ చవక కాబట్టి కొంటున్నాం, అందులో తప్పు పట్టడానికేముంది? అది చవకగా ఎందుకుందో మాత్రం చూడాలి. 2024 సెప్టెంబర్‌లో ముడి వంట నూనెల మీద 20 శాతం దిగుమతి సుంకం వేశారు. 2025 మే నెలాఖరున దాన్ని 10 శాతానికి దించేశారు. వేరుశనగకు ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలని ప్రకటించిందీ ఆ ప్రభుత్వమే. ఒక చేత్తో ధర రాసి, ఇంకో చేత్తో పరాయి నూనెకు తలుపు తీశారు. మన పంటకు ధర పడిపోవడానికీ, మన మూకుట్లోకి ఆ నూనె రావడానికీ దారి ఒకటే.

బియ్యం కథ ఇంకా లోతైనది. ఇక్కడ కాస్త నిజాయితీగా మాట్లాడుకోవాలి. రాగి సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె తిన్న కాలాన్ని బంగారు కాలంలా వర్ణించేవాళ్లున్నారు. అది బంగారు కాలమేమీ కాదు. వరి అన్నం పండగకో, పెళ్లికో, చుట్టం వస్తేనో వండేవాళ్లు. తెల్లన్నం తినే ఇల్లు గొప్ప ఇల్లు, సంగటి తినే ఇల్లు తక్కువ ఇల్లు. కరువొచ్చిన ఏడు ఆ సంగటి కూడా కడుపు నిండా ఉండేది కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు కూలి ఇళ్లల్లో పొయ్యి రెండు పూటలా వెలిగింది. ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఆకలి తెలియని వాళ్లకు లేదు. దానితో పాటే ఇంకొకటి జరిగింది. ప్రభుత్వం బియ్యమే కొన్నది, బియ్యమే ఇచ్చింది. కొర్రను, జొన్నను, రాగిని అడిగేవాడు లేకపోయాడు. వాటి చేలల్లో ఒక్క వేరుశనగే నిలిచింది. జొన్నలో సాళ్లుగా పోసే కంది, అలసంద, అనుము ఇంటికి కావలసిన పప్పు ఇచ్చేవి. అవీ చాలావరకు పోయాయి.

పాలిష్ పట్టిన బియ్యంలో తవుడు ఉండదు. పీచు, బి విటమిన్లు తవుడుతోనే పోతాయి. మనం ఆ తవుడును పశువులకు పెట్టి మిగిలింది తింటున్నాం. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, అంతే బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఇది కొత్త కనుగోలు కాదు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో ఏనాటి నుంచో ఉంది. మోకాళ్ల నొప్పికి కాల్షియం మాత్రలు కొనుక్కునేవాళ్లం ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. అలాగని రాగి మందు కాదు. షుగర్ ఉన్నవాళ్లు సంగటి తింటున్నామని మాత్రలు మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. సంగటైనా ముద్ద మీద ముద్ద తింటే షుగర్ పెరుగుతుంది.

ఎంత తింటున్నామన్నది కూడా మాట్లాడుకోవాలి. మన నాన్నలు గుంటక తోలారు, మడక దున్నారు, కపిల తోలారు, మూడు మైళ్లు నడిచి సంతకు పోయారు. వాళ్లు పళ్లెం నిండా తిన్నా చెమటగా పోయింది. ఇవాళ దుక్కి ట్రాక్టరుది, కలుపు మందుది, కోత మిషనుది, నీళ్లు డ్రిప్పువి. చేనికి బండి మీద పోయి గట్టు మీద నిలబడి వస్తున్నాం. అన్నం కుప్ప మాత్రం నాన్న పళ్లెంలో ఉన్నంతే ఉంది. దాంట్లోకి ఊరగాయ, అప్పడం. రోజుకు ఒక మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్లల్లో మధ్యాహ్నానికే ఆ చెంచా అయిపోతుంది.

టీ సంగతి సరేసరి. తెల్లారకముందే పాలు కేంద్రానికి పోస్తాం. ఇంట్లో పిల్లలకు మిగిలేది టీకి సరిపడా పాలు, పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు. పెద్దవాళ్లకు రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. అదే నలభై గ్రాముల దాకా అవుతుంది. పోషకాహార సంస్థ రోజంతటికీ కలిపి చెప్పిన హద్దు 25 గ్రాములు.

ఆడవాళ్ల పరిస్థితి దీనికి భిన్నం, ఇంకా అన్యాయం. యంత్రాలు మగవాళ్ల పనిని తగ్గించినంతగా ఆడవాళ్ల పనిని తగ్గించలేదు. కాయలు ఒలిచేదీ, మిరపకాయలు కోసేదీ, పేడ తీసేదీ వాళ్లే. తినేది అందరి తర్వాత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. తెలంగాణలో 57.6 శాతం. కలుపు తీసేటప్పుడు కొంగులో ఏరుకొచ్చే గురుగాకు, చెంచలాకు, పొన్నగంటాకు ఒకనాడు ఖర్చు లేని కూర. కలుపు మందు కొట్టిన చేలో అవి మొలవవు, మొలిచినా తినడానికి భయం. మందు డబ్బా ఖర్చు రాసుకునేటప్పుడు ఈ నష్టాన్ని ఎవరమూ రాసుకోవడం లేదు.

చిరుధాన్యాలు వదిలేయడానికి ఆడవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. మగవాళ్లు దాన్ని మర్చిపోతుంటారు. రాగి, జొన్న, సజ్జ నేరుగా పిండి పట్టుకోవచ్చు. కొర్ర, సామ అలా కుదరదు, పొట్టు తీయాలి. రోట్లో పోసి దంచి, చెరిగి, మళ్లీ దంచి పూటకు సరిపడా బియ్యం చేసేసరికి రెక్కలు పడిపోయేవి. ఆ పని తప్పినందుకు వాళ్లు సంతోషపడ్డారు, పడాల్సిందే. ఇప్పుడు మళ్లీ కొర్రలు తిందామని మీటింగుల్లో చెప్పేవాళ్లు, పొట్టు తీసే మిషను ఎవరు పెడతారో కూడా చెప్పాలి. లేకపోతే ఆ భారం మళ్లీ ఆమె భుజాల మీదే పడుతుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఏడాదంతా సభలు, బ్యానర్లు. ఆ హడావుడిలో బాగుపడింది ప్యాకెట్ కట్టేవాళ్లే. మనం బస్తా ధరకు అమ్మిన కొర్రలు తెల్లగా పాలిష్ పట్టించుకుని, అరకిలో సంచుల్లో, మనం కొనలేని ధరకు పట్నం దుకాణాల్లో కూర్చున్నాయి.

మందు గురించి రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. తర్వాత ఎవరు గద్దెనెక్కినా ఖజానా సీసా మీదే ఆధారపడుతోంది. 2024 అక్టోబర్‌లో దుకాణాలు మళ్లీ ప్రైవేటు వాళ్ల చేతికి పోయాయి, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. రేషన్ దుకాణం నెలలో కొన్ని రోజులే తెరుస్తారు, బెల్టు షాపుకు సెలవే లేదు. తాగుడు ఆ మనిషి ఇష్టం అంటారు. ఊరి నడుమ, బడి దారిలో, అప్పు మీద కూడా దొరికేదాన్ని ఒక్కడి ఇష్టంగా ఎలా లెక్క కడతాం? కాలేయం చెడేది ఒకరికి, పుస్తెలు తాకట్టు పడేది ఇంకొకరికి. రైతు ఆత్మహత్య జరిగిన ఇంటికి విచారణకొచ్చే అధికారులు అప్పు పంట కోసం కాదు, తాగుడు కోసం చేశాడని రాసుకుపోవడానికి కూడా ఇదే సాకవుతోంది. దుకాణానికి లైసెన్సు ఇచ్చింది ఎవరని మనం ఎదురు అడగాలి.

నిద్ర గురించి ఎవరూ మాట్లాడరు. రాత్రి విడత కరెంటు వచ్చే చోట అర్ధరాత్రి లేచి బోరు దగ్గరికి పోవాలి. పాము భయం ఒకటి, మోటారు కాలుతుందన్న దిగులు ఇంకొకటి. ఏళ్ల తరబడి ఇలా నిద్ర చెడితే బీపీ రాదా? ఏడెనిమిది గంటలు నిద్రపోవాలని చెప్పే డాక్టరు మాట నిజమే. ఆ మాట కరెంటు ఆఫీసుకు కూడా వినబడాలి. పగటిపూట కరెంటు కావాలన్నది పంట కోసం ఎంత డిమాండో, ఒంటి కోసమూ అంతే డిమాండు.

ఇక మనుషుల మధ్య సంగతి. ముయ్యికి పోవడం ఉన్నప్పుడు నీ చేను నాటడానికి నేను, నా చేను కొయ్యడానికి నువ్వు. కూలి డబ్బు ఆదా అన్నది అందులో ఒక భాగమే. ఎవరింట్లో ఏ కష్టముందో సాళ్ల మధ్యే తెలిసిపోయేది. అప్పుల వాళ్లు మీద పడుతున్నారని ఒకడు నోరు విప్పడానికి చోటుండేది. ముయ్యి పోయి గుత్త పని వచ్చింది. సాయంత్రం రచ్చబండ దగ్గర పదిమంది కూర్చున్నా ఎవరి ఫోను వాళ్లది. కుర్రాళ్లు కొందరు ఆ ఫోనులోనే బెట్టింగులాడి ఎకరాలు పోగొడుతున్నారు. కలిసి కూర్చోవడం మళ్లీ ఎలా తేవాలో ఒక్క మాటలో చెప్పలేం. సంఘం మీటింగు పేరుతోనైనా నెలకొకసారి, ఆడవాళ్లతో సహా, కలిసి తింటూ మాట్లాడుకుంటే అది మొదలవుతుంది.

ఇంతకీ అడగాల్సింది ఏమిటి? ఆహార భద్రతా చట్టం 2013లోనే బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా ఇవ్వొచ్చని రాసింది. పక్కనున్న కర్ణాటక రాగిని మద్దతు ధరకు కొని రేషన్‌లో ఇస్తోంది. 2025-26కు రాగి మద్దతు ధర 4,886 రూపాయలు, మామూలు వరిది 2,369. కాగితం మీద రాగిదే పైచేయి. కానీ వరికున్నట్టు రాగికి ఊరూరా కొనుగోలు కేంద్రాలు లేవు. కొనేవాడు లేని ధర ఎవరి కడుపు నింపుతుంది? రాయలసీమలో, పాలమూరులో, మెట్ట ప్రాంతాలన్నిటా పండిన రాగి, జొన్న, కొర్ర అక్కడే కొని అక్కడి రేషన్ దుకాణంలో, అంగన్‌వాడీలో, బడి భోజనంలో ఇవ్వాలి. రైతుకు ధర వస్తుంది, బిడ్డకు బలం వస్తుంది, లారీ కిరాయి కూడా మిగులుతుంది. షుగర్, బీపీ మాత్రలు నెలకు సరిపడా ఇవ్వాల్సిన చోట పది రోజులకే ఇచ్చి పంపుతున్నారు. కూలి పోగొట్టుకుని నెలకు మూడుసార్లు తిరగలేక జనం మాత్రలు మానేస్తున్నారు. ఆస్పత్రిలో చేరితే ఆరోగ్యశ్రీ ఉంది, చేరకుండా కాపాడే మాత్రకు మాత్రం దిక్కులేదు. దీని మీద మండలాల్లో వినతిపత్రాలతో సరిపెట్టకుండా గట్టిగా నిలబడాలి.

మన చేతిలో ఉన్నవి ఎవరి అనుమతీ లేకుండా మొదలుపెట్టొచ్చు. వచ్చే ఖరీఫ్‌లో ఎకరంలో పది సెంట్లయినా ఇంటి కోసం రాగి, కొర్ర, కంది, అలసంద కలిపి చల్లుకుందాం, ఆ పది సెంట్లలో కలుపు మందు కొట్టొద్దు. పోసే పాలలో ఒక శేరు పిల్లల కోసం ఇంట్లో ఉంచుకుందాం. పొట్టు తీసే చిన్న మిషను నాలుగైదు ఊళ్లకు కలిపి ఒకటి సరిపోతుంది. మహిళా సంఘాల లోనుతో పెట్టగలమా అన్నది ఈ నెల మండల కమిటీల్లో చర్చించండి. ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఊళ్ల మధ్య పంతాలకు పోవద్దు. నాలుగు ఊళ్ల ఆడవాళ్లకూ నడక దూరంలో ఉండి, పగలు త్రీఫేజ్ కరెంటు వచ్చే చోటు చూసి ఖాయం చెయ్యండి.