నలభై కాగితాలు - నాలుగు వేల మెగాబైట్లు

పూర్వం ఇంట్లో కాగితాలు పెరిగిపోతే అటక మీద ఇంకో ట్రంకుపెట్టె చేరేది. పెట్టె నిండితే గోనెసంచీ. చెదలు పట్టేదాకా ఆ సంచీ బరువు ఎంతో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో కంప్యూటరు పక్కన స్కానరు అనే పలక ఒకటి వెలసింది. కాగితాన్ని దాని అద్దం మీద బోర్లా పడుకోబెట్టి మీట నొక్కితే చాలు, బొమ్మ లోపలికి వెళ్ళిపోతుంది. చెదల భయం తీరిందని అందరమూ సంతోషించాము. తీరా చూస్తే కాగితానికి కొత్త రకం బరువు వచ్చిపడింది. చేతిలో 5 గ్రాములు తూగే మామూలు ఏ4 కాగితం కంప్యూటరులో ఎంత తూగుతుందో ముందుగా చెప్పగలవారు అరుదు.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. తాతల నాటి పొలం కాగితాలు నలభై దాకా ఉంటే, స్కాను చేసి డల్లాస్‌లో ఉన్న కుమారుడికి పంపాలని సంకల్పించారు. అన్నదమ్ముల పంపకాల వ్యవహారం. సరిహద్దుల దగ్గర పేచీ. విలువైన వస్తువు గదా, ఏ లోపమూ రాకూడదని స్కానరు చూపించిన అంకెల్లో పెద్ద అంకెనూ, రంగుల్లో నిండు రంగునూ ఎంచుకున్నారు. రెండు రోజులు కూర్చుని పని ముగించి, మూడో రోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చారు.

"మాస్టారూ, కాగితాలు కదలనంటున్నాయండీ!"

"ఎన్ని మెగాబైట్లు వచ్చాయండీ?"

"నాలుగు వేల చిల్లర. అది ఎక్కువా, తక్కువా?"

"జీమెయిలు గుమ్మం వెడల్పు 25 మెగాబైట్లు. మీరు ఏనుగును తోలుకొచ్చారు."

"అయితే ఫరవాలేదు లెండి. కుదించే సాధనం ఏదో ఉందట, మా అల్లుడు చెప్పాడు. ఒక్క దెబ్బతో నలభై కాగితాలనూ మూడు మెగాబైట్లలోకి దించుతుందట."

ఆ ఆఖరి మాట వినగానే నాకు గుండె దడ పుట్టింది. నాలుగు వేల మెగాబైట్లు ఒక రకం పిచ్చే గాని, అపకారం లేని పిచ్చి. మూడు మెగాబైట్ల సంగతి అలా కాదు.

ఎందుకో తెలియాలంటే కొంచెం లెక్క చూడక తప్పదు. తెలుగు మేష్టారికి లెక్కలేమిటి అంటారేమో, ఇది కూడికా గుణకారమూ తెలిస్తే వచ్చేదే. స్కానరు కాగితాన్ని చుక్కలుగా విడగొట్టి చూస్తుంది. అంగుళానికి 300 చుక్కలు అని మనం చెబితే, ఏ4 కాగితం అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలవుతుంది. రెండూ హెచ్చవేస్తే సుమారు 87 లక్షలు. నిండు రంగులో ఒక్కొక్క చుక్కకు 3 బైట్ల చోటు కావాలి. అంటే కాగితానికి 26 మెగాబైట్లు. బూడిద ఛాయల్లో, అదే గ్రేస్కేలు అంటారు, చుక్కకు ఒక బైటు చాలు. 9 మెగాబైట్లకు లోపే. వట్టి నలుపూ తెలుపూ అయితే ఒక బైటులో ఎనిమిది చుక్కలు సర్దుకుంటాయి. ఒక మెగాబైటు పైచిలుకు.

ఇక 300ను 600 చేస్తే బరువు రెట్టింపవుతుందని చాలామంది భ్రమ. అడ్డంగా రెట్టింపు, నిలువుగా రెట్టింపు. వెరసి నాలుగు రెట్లు. రంగు కాగితం 104 మెగాబైట్లకు ఎక్కుతుంది. పెద్దాయన వీటిని ఏమీ కుదించకుండా టిఫ్ అనే రకంలో దాచారు. 104ను 40తో హెచ్చవేయండి, ఏనుగు ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. స్కానరు అట్టపెట్టె మీద 9600, 19200 అని ఊరించే అంకెలుంటాయి. ఆ పెద్ద అంకెల్లో చాలా భాగం యంత్రం కంటితో చూసినవి కావు. రెండు చుక్కల మధ్య మరికొన్ని చుక్కలను ఊహించి పేర్చినవి. కాగితంలో లేని సంగతి ఊహవల్ల రాదు, బరువు మాత్రం వస్తుంది.

అంచేత బరువు నిర్ణయమయ్యేది మీట నొక్కాక కాదు, నొక్కే ముందు. ఆ నిర్ణయానికి కంప్యూటరు శాస్త్రం అక్కర్లేదు. ఈ కాగితం నాకు ఏమి చెబుతుంది, ఆ చెప్పేది దేనితో చెబుతుంది అని ఒక్క క్షణం చూసుకుంటే చాలు. ఒక పాత సచిత్ర వారపత్రిక సంచికే తీసుకోండి. కథ పేజీలో ఉన్నది నల్లని అక్షరం. దాని పక్కన బాపు గారి గీత ఉంటే అదీ నలుపే; ఆ గీతకు బూడిద ఛాయలతో పని లేదు. వట్టి నలుపు తెలుపుల్లో, అంగుళానికి 600 చుక్కలు పెట్టినా తేలిగ్గా ఉంటుంది. అదే వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రమైతే రంగు తప్ప గతి లేదు. ఎంత బరువైనా మోయవలసిందే. మధ్యలో ఫొటో అచ్చయిన పేజీకి గ్రేస్కేలు. ఒకే సంచికలో మూడు రకాల పేజీలు, మూడు రకాల తూకాలు. అన్నిటికీ ఒకే తూకం వేయడం దగ్గరే తంటా అంతా వస్తోంది.

ఇంతకూ కుదింపు అంటే ఏమిటి? రెండు తెగలుగా చెప్పవచ్చు. ఒకటి బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దడం లాంటిది. విప్పితే బట్ట బట్టే. ఫ్యాక్సు యంత్రాల కోసం పుట్టిన గ్రూప్ 4 అనే పద్ధతి ఈ తెగది. పై వరుసతో పోల్చి, ఈ వరుసలో నలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆ తేడా మాత్రమే రాసుకుంటుంది. శుభ్రంగా అచ్చయిన పేజీ ఇందులో తరచు వంద కిలోబైట్లలోపే ఇముడుతుంది, ఒక్క చుక్కయినా పోదు. కాని కాగితం నిండా చెదమచ్చలూ, మరకలూ ఉంటే ప్రతి మచ్చకూ మొదలూ తుదీ రాసుకోవాలి గదా, ఫైలు ఉబ్బిపోతుంది. అద్దం మీది ధూళికి కూడా మనం చోటు అద్దె కడుతున్నామన్నమాట. స్కాను చేసే ముందు మెత్తని గుడ్డతో అద్దం తుడవడమూ, పల్చని కాగితం వెనక ఒక నల్లట్ట పెట్టడమూ, వెనక పేజీ అక్షరాలు ఇటు కనపడకుండా చేయడమూ - ఈ కాణీ ఖర్చులేని పనులు ఏ సాఫ్టువేరుకూ తీసిపోవు.

రెండో తెగ పెట్టెలో పట్టడం కోసం చొక్కా చేతులు కత్తిరించడం లాంటిది. 1992 నుంచి ప్రమాణంగా ఉన్న జేపెగ్ ఈ తెగకు పెద్ద. ఫొటోలకు అది మహోపకారి. కంటికి ఆనని తేడాలను తీసేసి బరువు దించుతుంది. అక్షరాల దగ్గరికి వచ్చేసరికి దాని స్వభావం మారుతుంది. బొమ్మను ఎనిమిదేసి చుక్కల గళ్ళుగా కోసి, గడికి గడి సవరించుకుంటూ పోతుంది గనక, గట్టిగా కుదిస్తే అక్షరం అంచున ఈగలు ముసిరినట్టు మసక కమ్ముతుంది. తీసిన ఫైలునే మళ్ళీ మార్చి దాచిన ప్రతిసారీ మరికొంత పోతుంది.

నలభై కాగితాలు మూడు మెగాబైట్లంటే కాగితానికి 75 కిలోబైట్లు. అది సాధించడానికి ఆ సాధనాలు సాధారణంగా చుక్కలనే తగ్గిస్తాయి. అంగుళానికి 100కు దించాయనుకోండి. 3 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరానికి పన్నెండు చుక్కలు దక్కుతాయి. దాని కింద ఉన్న ఒత్తుకు నాలుగు. నాలుగు చుక్కల్లో ఏ ఒత్తును గుర్తుపడతారు? ఇంగ్లీషు అక్షరానికి తల మీదా కాళ్ళ కిందా ఏమీ ఉండవు గనక ఆ లిపి ఈ దెబ్బకు ఎలాగో తట్టుకుంటుంది. మనకు 'ద' కింద చిన్న పుల్ల చేరితే 'ధ', దాని పొట్టలో చుక్క పడితే 'థ'. 'ప'లో ఒక గీత చేరితే 'ష', ఇంకో గీత చేరితే 'ఫ'. పాత దస్తావేజుల్లో సెంట్లూ కుంచాలూ తెలుగు అంకెల్లోనే రాసేవారు; ౨కీ ౩కీ తేడా ఒక వంపు. ఆ వంపు మసకబారితే సరిహద్దు పేచీ తీరదు, పెరుగుతుంది.

మసక అయితే నయమే, చూసినవాడు అనుమానిస్తాడు. అంతకంటె ప్రమాదం స్పష్టంగా కనపడే తప్పు. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటరు శాస్త్రవేత్త ఒక ఇంటి ప్లానును జిరాక్స్ కంపెనీవారి వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాను చేయించాడు. అసలు ప్లానులో మూడు గదుల విస్తీర్ణాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. బయటికి వచ్చిన ప్రతిలో మూడు గదులూ 14.13! అంకెలు చెక్కుచెదరకుండా, నున్నగా, అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. అబద్ధం మాత్రం ఆడుతున్నాయి. జేబిగ్2 అనే కుదింపు పద్ధతిలో ఒక రకం, పోలిక ఉన్న ఆకారాలను వెతికి, ఒక్కదాన్ని దాచుకుని మిగతా చోట్లన్నీ దాన్నే అంటిస్తుంది. పోలిక సరిగా కుదరకపోయినా కుదిరిందనుకున్నప్పుడు ఈ చిత్రం జరిగింది. 6 ఉన్నచోట 8 పడిన ప్రతులూ బయటపడ్డాయి. తరవాత కంపెనీవారు సాఫ్టువేరును సవరించారు. నకలు తీయడానికి మన ఊళ్ళలో ఆ కంపెనీ పేరే క్రియాపదమైపోయింది గదా, అందుకని ఈ వార్త నాకు మరీ విడ్డూరంగా తోచింది. జేబిగ్2లో నష్టం లేని రకం కూడా ఉంది. దానితో పేచీ లేదు. పోలికలు కలిపే రకాన్ని 'ద ధ థ'ల దగ్గరికి రానివ్వకపోవడమే మంచిది.

మరి పెద్దాయన పని ఎలా అయిందంటారా? టిఫ్ ఫైళ్ళను అలాగే ఒక బయటి డిస్కులో పెట్టించాను. వాటిని మళ్ళీ ముట్టుకోకూడదని షరతు. వాటినుంచి 300 చుక్కల గ్రేస్కేలు ప్రతులు, జేపెగ్ నాణ్యతను మరీ దించకుండా తీశాము. ఒక్కొక్కటి మెగాబైటుకు అటూ ఇటూ తేలింది. కాగితం చుట్టూ పడిన అద్దం ఖాళీని కత్తిరించేసరికి ఇంకొంత తగ్గింది. మొత్తాన్ని మూడు పీడీఎఫ్‌లు చేసి మూడు ఉత్తరాలుగా పంపారు. వాట్సాప్‌లో పంపేవారికి ఒక సంగతి: ఫొటోగా పంపితే అది తనంతట తాను కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

మా కాలేజీ పిల్లలకు దీనికి సరిగ్గా ఎదురు బాధ. బ్యాంకు ఉద్యోగాల దరఖాస్తుకు ఫొటో 20 నుంచి 50 కిలోబైట్లు, సంతకం 10 నుంచి 20 కిలోబైట్లు ఉండాలని నిబంధన. వాళ్ళు ఉన్న ఒక్క ఫొటోనూ పిండి పిండి 40 చేస్తారు. మరో దరఖాస్తుకు పెద్దది కావలసివస్తే ఆ 40నే సాగదీస్తారు. పిండిన చెరుకులోనుంచి మళ్ళీ రసం ఎక్కడిది? పెద్ద ప్రతి ఒకటి విడిగా దాచుకుని, కావలసినప్పుడల్లా దానినుంచే చిన్నవి తీసుకోమంటాను. పరీక్ష కాదు గనక ఎవరూ రాసుకోరు.

పేజీలు ఎక్కువగా ఉండి ఓపిక ఉన్నవారికి స్కాన్ టైలర్ అనే ఉచిత సాఫ్టువేరు ఉంది. వంకరగా పడిన పేజీని నిలబెట్టి, అంచులు కత్తిరించి, ఒకే పేజీలో అక్షరాన్ని నలుపు తెలుపుల్లోనూ బొమ్మను ఛాయల్లోనూ విడదీసి ఉంచగలదు. రెండు సాయంకాలాలు కూర్చుంటే అలవడుతుంది.

దస్తావేజుల విషయంలో ఒకటి మరిచిపోతున్నారు జనం. చోటు మిగుల్తుందని ముందువైపు మాత్రమే స్కాను చేస్తారు. రిజిస్ట్రారు ముద్రా, తేదీ, సాక్షుల చేవ్రాళ్ళూ తరచు వెనకవైపే ఉంటాయి. వేలిముద్ర కూడా అక్కడే ఉంటే దాన్ని నలుపు తెలుపుల్లో తీయకండి. గీతలన్నీ కలిసిపోయి సిరా మరక ఒకటి మిగులుతుంది. దానికి గ్రేస్కేలు, 600 చుక్కలు. ఆ ఒక్క పేజీ మిగతా వాటికి నాలుగింతలు తూగినా సరే.