రక్త క్యాన్సర్, సుబ్బారావు గారి మందు, మన హాస్టల్ సీటు

పిల్లలకు రక్త క్యాన్సర్ వస్తే ఇక బతకరని మన చౌడేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. హీరోకో హీరోయిన్‌కో ఆ జబ్బు తెప్పించి, పాట పాడించి చంపే సినిమాలు ఈ నమ్మకాన్ని ఇంకా గట్టిపరిచాయి. ఈ మాట ప్రాణాలు తీస్తుందని మా అభిప్రాయం. బతకడనుకున్న బిడ్డ కోసం అప్పు చేసి ఆసుపత్రుల చుట్టూ ఎవరు తిరుగుతారు?

మిత్రులారా, జీవశాస్త్రం పుస్తకంలో రైబోజోముల బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం కదా! కణానికి కావలసిన ప్రోటీన్లను తయారుచేసేవి అవే. అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా, పూసలు గుచ్చినట్టు గుచ్చుతాయి. మన ఎముక మజ్జలోని మూలకణాలు ఈ పనిని చాలా నిదానంగా చేస్తాయని 2014లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. ల్యూకేమియా కణానికి ఆ నిదానం ఉండదు. అడ్డూ అదుపూ లేకుండా పెరగాలి, అందుకు ప్రోటీన్లు కావాలి.

దాని బలహీనత కూడా అక్కడే దొరికింది. అస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని మంచి కణాలు తామే తయారుచేసుకుంటాయి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యూకేమియాలోని చెడ్డ కణాలకు ఆ చేతనైన పని లేదు, రక్తంలో నుంచి తీసుకోవాల్సిందే. అస్పరాజినేజ్ ఇంజెక్షన్ ఇస్తే రక్తంలోని అస్పరాజిన్ విరిగిపోతుంది. పూస దొరక్క దండ ఆగిపోతుంది, కణం చస్తుంది. గినీ పందుల రక్తరసం కంతులను కరిగిస్తోందని 1953లో జాన్ కిడ్ అనే శాస్త్రవేత్త గమనించడంతో ఈ మందుకు దారి దొరికింది.

అంతకు ముందే మన తెలుగువాడు మరో దారి తెరిచాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్‌లో రెండుసార్లు తప్పారు. (పదో తరగతి తప్పిన తమ్ముళ్ళు ఈ వాక్యం మళ్ళీ చదవండి.) అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, తర్వాత దానికి విరుగుడు లాంటి అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ మందును 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు నేటికీ వాడుతున్నారు. ఇలాంటి అనేక మందులు కలిపి ఇవ్వడం వల్ల ధనిక దేశాల్లో ఈ రకం జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి 90 మంది దాకా బతుకుతున్నారు.

మరి మన దగ్గర అంతమంది ఎందుకు బతకడం లేదు? జబ్బు ఆలస్యంగా కనిపెట్టడం ఒక కారణం. మొదలుపెట్టిన చికిత్సను మధ్యలో వదిలేయడం అంతకంటే బాధాకరమైన కారణం. మొదటి నెలలోనే బిడ్డ లేచి తిరుగుతాడు, సంగటి ముద్ద తింటాడు. నయమైపోయిందనుకుంటారు. కానీ దాక్కున్న కణాల కోసం రెండేళ్ళకు పైగా మందు వాడాలి. ఆ కాలంలో ఎక్కువ భాగం ఇంట్లో వేసుకునే మాత్రలే. నూరు రోజుల్లో 95 రోజులైనా మెర్కాప్టోప్యూరిన్ మాత్ర వేసుకోని పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 2012లో అమెరికాలో వెలువడిన పరిశోధన చెప్పింది.

ఇక్కడే హాస్టల్ మాట వస్తుంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉంది, ఆసుపత్రి ఖర్చుకు సాయం ఉంది. బస్సు చార్జీలు, పోయిన కూలి, పోయిన చదువు ఎవరిస్తారు? నెలల తరబడి హాజరు లేదని విద్యార్థి పేరు కొట్టేస్తే వాడు మళ్ళీ బడి ముఖం చూడడు. చికిత్స పూర్తయ్యేదాకా ఆ సీటు ఖాళీగానైనా ఉంచాలని మేము గట్టిగా అడుగుతున్నాం. ఒక మంచం ఖాళీగా ఉంటే సర్కారుకు పెద్ద నష్టం లేదు.

అలాంటి విద్యార్థి తిరిగొచ్చి హాస్టల్‌లో ఉంటే మాత్రలు వేయించే పూచీ ఒక్కరిదే కావాలి. మెర్కాప్టోప్యూరిన్ రోజూ వేయాలి. మెథోట్రెక్సేట్ మాత్రలు మాత్రం సాధారణంగా వారానికి ఒక్కరోజే, దాన్ని పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. గదిలో ఎవరికైనా తట్టు గానీ ఆటలమ్మ గానీ పోస్తే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఈ జబ్బు అంటుకోదు కాబట్టి కంచం వేరు, గ్లాసు వేరు అని ఎవరూ పెట్టకండి. రక్షణ కావాల్సింది వాడికి, మన నుంచి.

ఇక కనిపెట్టే సంగతి. విడవని జ్వరం, పాలిపోయిన ముఖం, చిగుళ్ళలో రక్తం, దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు, ఎముకల నొప్పి, మెడలో గడ్డలు. వీటిని చూసి హాస్టల్ తిండి పడలేదనో, రక్తం తక్కువనో ఐరన్ మాత్రలతో సరిపెట్టకూడదు. రక్తకణాల లెక్కింపు పరీక్ష పుంగనూరులోనో మదనపల్లెలోనో చేయించవచ్చు. ఎక్కువమందికి వేరే చిన్న జబ్బే ఉంటుంది, మంచిదే కదా! బోయకొండ గంగమ్మకు మొక్కుకోవద్దని మేము అనడం లేదు. కొండ దిగి ఇంటికి పోకుండా నేరుగా పరీక్షకు పొమ్మంటున్నాం.

తిరుపతి, వేలూరు, బెంగళూరు ఆసుపత్రులకు మనవాళ్ళు పోతే రాత్రి పడుకునే చోటు, రక్తం, ప్లేట్‌లెట్లు ముందుగా కావాలి. ఆ ఊళ్ళలో ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులు ఈ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు తమ ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు వార్డెన్ గారి దగ్గరి రిజిస్టర్‌లో రాసిపోవాలని కోరుతున్నాం.