వాటా ఇస్తామంటున్నారు, కొండ ఎవరిదో ముందు చెప్పమనండి

"మీ కొండ మీద సోలార్ పెడతాం, గాలిమరలు పెడతాం. మీరు ఊరికే చూస్తూ కూర్చోవద్దు, మీకూ వాటా ఉంటుంది."

ఈ మాట ఇప్పుడు మన్యంలో కొత్తగా వినబడుతోంది. ఇంతకుముందు ఉద్యోగాలు అన్నారు. తర్వాత రోడ్డు, బడి, అంబులెన్సు అన్నారు. ఇప్పుడు వాటా అంటున్నారు. మన కుర్రోళ్లు కొందరు "మంచిదే కదా, తీసుకుందాం" అంటున్నారు. ఇంకొందరు "వాటా పేరు ఎత్తడమే లొంగిపోవడం" అంటున్నారు. సంతలో మొదలైన ఈ వాదన వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చింది. నా మాట కూడా చెప్తాను, కోపం రాకుండా చివరిదాకా చదవండి.

వాటా అనే మాట ఈ కొండలకు కొత్తది కాదు తమ్ముడూ. మాచ్‌ఖండ్‌లో 1955లో కరెంటు మొదలైంది. 120 మెగావాట్లు. ఆంధ్రాకు 70 శాతం, ఒడిశాకు 30 శాతం అని ఒప్పందం రాసుకున్నారు. ఆ తర్వాత సగం సగం కావాలని ఒడిశా పట్టుబట్టింది. రెండు ప్రభుత్వాలూ పైసా పైసా లెక్క చూసుకున్నాయి. మరి జలాపుట్ నీళ్లకింద ఊళ్లు పోగొట్టుకున్న మనోళ్ల వాటా ఎంత? ఆ కాగితంలో మనకు వరసే లేదు. సీలేరు చూడండి. ఎగువ సీలేరు 240 మెగావాట్లు, దిగువ సీలేరు 460 మెగావాట్లు. తీగలు మన నెత్తి మీదుగానే మైదానానికి పోయాయి. ఆ తీగల కింద ఉన్న ఊళ్లలో ఏళ్ల తరబడి కిరోసిన్ దీపాలే వెలిగాయి.

అందుకే వాటా అనగానే మనం అడగాల్సింది "ఎంత శాతం?" అని కాదు. "పంచేవాడు ఎవడు?" అని అడగాలి. కొండ నీదైతే పంచేవాడివి నువ్వు. ఈ మాట ఆవేశంతో అంటున్నది కాదు, చట్టంలో ఉన్నదే.

1959 భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని సవరించిన 1/70 చట్టం ఏం చెప్తున్నాయి? షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. పోతే ఎవరి చేతికి పోవచ్చు? ఇంకో గిరిజనుడికి. లేదా గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి. ఈ రెండో మాటను మనలో చాలామంది గమనించలేదు. 1997 జూలై 11న సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ ఇదే దారిలో నడిచింది. ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవు, ప్రభుత్వ సంస్థలు, గిరిజన సహకార సంఘాలు అయితే చేసుకోవచ్చు అంది. అంటే మన కొండ మీద మన సంఘమే యజమానిగా ఉండొచ్చని చట్టం ఎప్పుడో చెప్పింది. ఇప్పుడొచ్చి పది శాతమో, ఐదు శాతమో దయతలచి ఇస్తామంటే, ఇంటివాడికి వరండాలో చాప వేసినట్టే.

ఇంకో సంగతి. సోలార్ పార్కులకీ, గాలిమరలకీ పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అది అక్కర్లేదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు. డ్యాముకు, గనికి వచ్చినట్టు టెంటు వేసి, మైకు పెట్టి, కలెక్టరు వచ్చి కూర్చోవడం ఇక్కడ కనబడదు. మిగిలిన తలుపు ఒక్కటే, గ్రామసభ. 1996 పీసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, 2013 భూసేకరణ చట్టం, మూడూ ఆ తలుపు దగ్గరికే తెస్తాయి. ఏజెన్సీలో భూమి సేకరించాలంటే ముందుగా గ్రామసభ ఒప్పుకోవాలని 2013 చట్టం స్పష్టంగా చెప్తోంది. వాటా ఆశ చూపించి ఆ తలుపు మూయించే పని జరగొచ్చు. "మీరూ భాగస్వాములే కదా, ఇంకా గ్రామసభ దేనికి?" అంటారు. జాగ్రత్త. వాటా తీసుకున్నంత మాత్రాన తీర్మానం ఇచ్చినట్టు కాదు. తీర్మానం ముందు, వాటా మాట తర్వాత.

ముందుగా "వద్దు" అనే హక్కు ఉన్నవాడికే "సరే" అనే మాటకు విలువ. నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు వద్దన్నాయి. అక్కడ డోంగ్రియా కోందులు శాతాల గురించి బేరమాడలేదు. కొన్నింటికి శాతం ఉండదు. మన దగ్గర ఎర్రవరం, పెదకోట పేర్లతో వస్తున్న పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులు అలాంటివే. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు చవక కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడడానికి ఖర్చయ్యేంత కరెంటు కూడా తిరిగి రాదు. మనం గెడ్డ నీళ్లు, మెట్టు, జీడితోటలు ఇవ్వాలి, దానికి పచ్చ కరెంటు అని పేరు. గెడ్డలో వాటా ఇస్తామంటే ఎవడు తీసుకుంటాడు? గెడ్డ మొత్తం మనదే కదా.

"ప్రభుత్వ కంపెనీ అయితే నయం" అనేవాళ్లకు నార్వే సంగతి చెప్పాలి. అక్కడి ఆదివాసులు సామీలు. రెయిన్‌డీర్లు మేపుకునేవాళ్లు. వాళ్ల శీతాకాలపు మేత నేలలో, ఫోసెన్ అనేచోట 151 గాలిమరలు నిలబెట్టారు. దాన్లో పెద్ద వాటా ప్రభుత్వ కంపెనీదే. సామీలు కోర్టుకెళ్లారు. 2021 అక్టోబరు 11న నార్వే సుప్రీంకోర్టు ఆ అనుమతులు చెల్లవంది. తీర్పు వచ్చాక కూడా మరలు ఆగలేదు. 500 రోజులు దాటాక 2023లో సామీ యువత రాజధానిలో మంత్రిత్వశాఖ ఆఫీసులోకి వెళ్లి కూర్చుంటే అప్పుడు ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. ప్రపంచంలో బాగా డబ్బున్న, బాగా చదువుకున్న దేశంలోనే ఇలా జరిగింది.

దాని పక్కనే డెన్మార్కు. కోపెన్‌హేగెన్ ముందు సముద్రంలో మిడెల్‌గ్రుండెన్ అని 20 గాలిమరలు, 40 మెగావాట్లు. 2000 సంవత్సరం నుంచి తిరుగుతున్నాయి. సగం సహకార సంఘానిది, సభ్యులు ఎనిమిది వేల మందికి పైనే. ఊరి జనం వాటాలు కొని యజమానులయ్యారు. మంచి కథే. కానీ వాళ్లు బ్యాంకులో దాచుకున్న డబ్బుతో కొన్నారు. మన దగ్గర దాచిన డబ్బు లేదు. మన పెట్టుబడి నేల, గాలి, ఎండ, కాపలా. ఈ లెక్క రాయకుండా "మీరూ కొనండి" అంటే, కొనేది షావుకారు, మన పేరు మాత్రం కాగితం మీద. బినామీ అంటే ఏంటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

దగ్గర్లో కూడా చూడొచ్చు. తమిళనాడు కోయంబత్తూరు జిల్లాలో ఓడంతురై పంచాయతీ ఉంది. 2006లో సుమారు కోటిన్నర పెట్టి 350 కిలోవాట్ల గాలిమర కొనుక్కుంది. కొంత పంచాయతీ డబ్బు, మిగతాది బ్యాంకు అప్పు. కరెంటు బోర్డుకు అమ్ముతోంది. గుజరాత్‌లో ధుండి అనే ఊళ్లో 2016లో ఆరుగురు రైతులు సంఘం పెట్టి, బోరు సోలారుతో నడుపుకుంటూ మిగిలిన కరెంటు అమ్ముకున్నారు. ఇవేవీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. కేంద్రం 2019లో తెచ్చిన కుసుమ్ పథకంలో కూడా 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటును రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు పెట్టుకోవచ్చని ఉంది.

ఇప్పుడు నికరంగా లెక్క చూద్దాం. ఒక మెగావాటు సోలారుకు నాలుగైదు ఎకరాలు కావాలి. ఏడాదికి దాదాపు 15 లక్షల యూనిట్లు వస్తాయి. యూనిటు మూడు రూపాయలు అనుకుంటే 45 లక్షలు. అదే భూమిని ఎకరా 30 వేలకు లీజుకిచ్చావనుకో, ఐదెకరాలకు లక్షన్నర. ఈ తేడా ఎవరి జేబులోకి పోతోందో చూసుకో. అయితే ఇంకో సగం కూడా చెప్పాలి, లేకపోతే నేనూ దళారీలాగే మాట్లాడినట్టు. ఆ ప్లాంటుకు నాలుగు కోట్ల పైనే అవుతుంది. అప్పు తెస్తే మొదటి పది, పన్నెండేళ్లు వచ్చినదాంట్లో ఎక్కువ భాగం బ్యాంకుకే. అసలు లాభం తర్వాతి ఏళ్లలో. పలకలు పాతికేళ్లు పనిచేస్తాయి కాబట్టి, ఓపిక పట్టిన సంఘానికే ఆ డబ్బు దక్కుతుంది. వచ్చే ఏడాదే ఇంటికి లక్ష వస్తుందని ఎవడైనా చెప్తే వాణ్ణి ఊళ్లోకి రానివ్వొద్దు.

మరి మొదట పెట్టాల్సిన డబ్బు ఎక్కడిది? సబ్‌ప్లాన్ నిధులు ఉన్నాయి. 2013లో చట్టమే చేశారు. ఐటీడీఏలు ఉన్నాయి. కంపెనీకి నేల, రోడ్డు, లైను, రాయితీ ఇవ్వడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు ఉన్నప్పుడు, మన సంఘానికి మూలధనం ఇవ్వడానికి లేదంటే నమ్మాలా? తెలంగాణలో 2025 మే 19న నల్లమలలోని మాచారంలో 'ఇందిర సౌర గిరి జల వికాసం' మొదలుపెట్టారు. 12,600 కోట్లతో, పోడు పట్టాలున్న ఆరు లక్షల ఎకరాలకు సోలారు పంపులు అన్నారు. పంపు మంచిదే. పంపు ఇచ్చినవాళ్లు ప్లాంటు కూడా ఇవ్వగలరు.

సంఘం అనగానే సరిపోదు. 1956 నుంచి మనకు జీసీసీ ఉంది. పేరులో సహకారం ఉంది. ధర చెప్పేది మాత్రం ఆఫీసు, ఎండీని పంపేది ప్రభుత్వం. చింతపండు తెచ్చిన అమ్మకు అక్కడ ఏం మాట చెల్లుతుంది? సోలార్ సంఘం ఇంకో జీసీసీ కాకూడదు.

కాబట్టి ఎవరైనా వాటా అని వస్తే, మన ఊరు అడగాల్సినవి ఇవి. భూమి పేరు మారుతుందా? మారేదైతే అక్కడితో ఆపెయ్యాలి. వాటా మనిషి పేరున ఉందా, గ్రామసభ పేరున ఉందా? మనిషి పేరున ఉన్న వాటా, కూతురి పెళ్లికో, ఆస్పత్రికో అమ్ముడైపోతుంది. గ్రామసభది అమ్ముడుపోదు. ఓటు వాటాను బట్టా, మనిషిని బట్టా? మనిషికి ఒక ఓటే ఉండాలి. అప్పు తీరకపోతే తాకట్టులో ఏముంది? భూమి ఉండకూడదు, అటవీ హక్కు పట్టా అసలే ఉండకూడదు. లెక్కలు ఏ భాషలో చదువుతారు? ఊరి మధ్యలో, మన భాషలో చదవాలి. ముందు మన ఇళ్లకు కరెంటు వచ్చాకే మిగిలింది బయటికి పోవాలి.

నాన్ షెడ్యూల్డ్ ఆదివాసీ గ్రామాల వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. మీకు 1/70 అండ లేదు. అటవీ హక్కుల చట్టం మాత్రం మీకూ ఉంది. ముందు ఉమ్మడి హక్కుల క్లెయిములు పెట్టండి. పట్టా లేని కొండ మీద వాటా మాట మొదలుపెడితే, కొండ ఎవరిదన్న మాటే మరుగున పడుతుంది. అయిదో షెడ్యూలులో చేర్చాలన్న డిమాండు కూడా వదలొద్దు.

మైదానంలో ఉన్న మిత్రులకు ఒక మాట. మీరు మా ర్యాలీకి వస్తారు, మా పాట పాడతారు, సంతోషం. మీ ఫోనులో, మీ మ్యూచువల్ ఫండులో పచ్చ కరెంటు కంపెనీల షేర్లు ఉన్నాయేమో ఒక్కసారి చూసుకోండి. ఉంటే ఆ కొండలో మాకంటే ముందే మీకు వాటా వచ్చేసింది. మీరు మాకు చేయగలిగిన సాయం విరాళం కాదు. వాటాదారుగా ఆ కంపెనీని అడగండి, గ్రామసభ తీర్మానం కాపీ ఎక్కడ అని.

ఎండ మనదే, గాలి మనదే. కరెంటు కూడా మనకు కావాలి. అందుకే వాటా అంటే నాకు భయం లేదు, వ్యతిరేకతా లేదు. ఇచ్చేవాడి కుర్చీలో వేరేవాడు కూర్చోవడమే నాకు నచ్చనిది. వచ్చే గ్రామసభకు వెళ్లండి. తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గరుందో అడగండి. అది కార్యదర్శి సంచిలో ఉంటే, ముందు దాన్ని ఊళ్లోకి తెచ్చుకుందాం.

జోహార్.