పిల్లికి ఇన్సులిన్, ఇంట్లో రమజాన్

రామాపురం వంటి తీరగ్రామాలలో పిల్లికి చేపల పులుసన్నం పెట్టడం వాడుక. మధుమేహమున్న పిల్లికి అన్నం, పాలు తగ్గించి మాంసాహారం పెంచాలి. అయితే ఆ మార్పుతో ఇన్సులిన్ అవసరం తగ్గవచ్చు గనుక పశువైద్యునికి ముందే తెలుపాలి.

సూది సాధారణంగా పన్నెండు గంటలకొకటి. రమజాన్‌లో దానిని సహరీ, ఇఫ్తార్‌లకు ముడిపెట్టడం మాకు సమ్మతం కాదు. వాటి నడుమ వ్యవధి పన్నెండు గంటలకు మించుతుంది. ఉపవాసం మనది, పిల్లిది కాదు. అది ఆహారం ముట్టనినాడు వైద్యుని అడగకుండా పూర్తి మోతాదు ఇవ్వరాదు.

ఇంట్లో పెద్దల సిరంజి ఉన్నదని దానినే వాడరాదు. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందుకు, నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో తీస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. పిల్లి తూలినా, వణికినా చిగుళ్ళకు తేనె రాసి వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.